బ్లాక్‌బర్న్ రోవర్స్: ఒక్క గోల్ తేడాతో చేజారిన ప్లే-ఆఫ్.. వెంకీస్ క్లబ్‌లో అసలేం జరుగుతోంది?

- ఇంగ్లాండ్ రెండో డివిజన్‌లో 66 పాయింట్లతో 7వ స్థానం.. 6వ స్థానానికి రెండు పాయింట్ల దూరం
- సీజన్ మధ్యలో జట్టు 5వ స్థానంలో ఉండగానే వదిలి వెళ్లిన మేనేజర్ జాన్ యూస్టస్
- క్లబ్‌కు డబ్బు పంపాలంటే 2023 నుంచి ఢిల్లీ హైకోర్టు అనుమతి తప్పనిసరి అయింది
- ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచి 2025 మేకు సరిగ్గా 30 ఏళ్లు.. అభిమానుల్లో మాత్రం పండగ వాతావరణం కనిపించలేదు

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ రెండో డివిజన్ 'ఛాంపియన్‌షిప్' 2024-25 సీజన్ ముగిసింది. మే 24న వెంబ్లీ స్టేడియంలో జరిగిన ప్లే-ఆఫ్ ఫైనల్లో సండర్‌ల్యాండ్ 2-1తో షెఫీల్డ్ యునైటెడ్‌ను ఓడించి ప్రీమియర్ లీగ్‌లోకి అడుగుపెట్టింది. అదీ ఇంజురీ టైమ్‌లో కొట్టిన గోల్‌తో! సండర్‌ల్యాండ్ వీధుల్లో సంబరాలు మిన్నంటాయి.

అదే సమయంలో లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ అనే ఊళ్లో మాత్రం ఒకటే ప్రశ్న: "ఆ ప్లే-ఆఫ్‌లో మనం ఎందుకు లేం?"

ఈ ప్రశ్న మనకెందుకు అంటారా? ఆ ఊరి క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్ యజమానులు మనవాళ్లే. కోడిగుడ్లు, చికెన్ వ్యాపారంలో దేశమంతా తెలిసిన వెంకీస్ కుటుంబం. భారత పౌల్ట్రీ రంగానికి పితామహుడిగా పేరున్న దివంగత డాక్టర్ బి.వి.రావు వారసులు. పుణె కేంద్రంగా నడుస్తున్నా, ఈ కుటుంబం మూలాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. రోజూ పేపర్లో కోడిగుడ్డు ధర అంటూ కనిపించే 'నెక్' రేటు ఉంది కదా, ఆ నెక్ ఏర్పాటు వెనక ఉన్నదీ బి.వి.రావే.

చివరి రోజు ఏమైంది?

మే 3న ఆఖరి మ్యాచ్. బ్లాక్‌బర్న్ 65 పాయింట్లతో షెఫీల్డ్ యునైటెడ్ మైదానం బ్రామల్ లేన్‌కు వెళ్లింది. అవతల బ్రిస్టల్ సిటీ సొంత మైదానంలో ప్రెస్టన్‌తో ఆడుతోంది. ఆ మ్యాచ్ 2-2తో డ్రా అయింది. అంటే బ్రిస్టల్ సిటీ 68 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. తలుపు తెరిచే ఉంది!

కానీ బ్లాక్‌బర్న్ మ్యాచ్ కూడా 1-1తో డ్రాగానే ముగిసింది. ఒక పాయింటే వచ్చింది. 66తో 7వ స్థానం.

ఇక్కడే అసలు బాధ. ఆ రోజు బ్లాక్‌బర్న్ ఇంకొక్క గోల్ కొట్టి గెలిచి ఉంటే 68 పాయింట్లు అయ్యేవి. బ్రిస్టల్ సిటీతో సమానం. గోల్స్ తేడాలో బ్లాక్‌బర్న్‌దే పైచేయి. అంటే 6వ స్థానం, ప్లే-ఆఫ్ టికెట్ వాళ్లదే అయ్యేది. 46 మ్యాచ్‌ల సీజన్ ఒక్క గోల్ దగ్గర తేలిపోయింది.

పోనీ ఇదే మొదటిసారా అంటే అదీ కాదు. 2022-23లోనూ 7వ స్థానమే. అప్పుడు 69 పాయింట్లతో 6వ స్థానంలోని సండర్‌ల్యాండ్‌తో సమానంగా నిలిచి, కేవలం గోల్స్ తేడాతో బయటికొచ్చారు. మూడేళ్లలో రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చినట్టు లెక్క.

అసలు ఈ ఛాంపియన్‌షిప్ లెక్కేంటి?

మనకు ఐపీఎల్ అలవాటు. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు కూడా వచ్చే ఏడాది అదే లీగ్‌లో ఆడుతుంది. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్లో అలా కుదరదు. ఓడితే కింది డివిజన్‌కు దిగిపోవాల్సిందే. గెలిస్తే పైకి.

ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లు నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్తాయి. 2024-25 నిబంధన ప్రకారం 3 నుంచి 6 వరకు ఉన్న నాలుగు జట్లు ప్లే-ఆఫ్ ఆడితే, అందులో ఒకటే పైకి వెళ్లేది. అడుగున ఉన్న మూడు జట్లు మూడో డివిజన్‌కు జారిపోతాయి.

ఇక డబ్బు సంగతి. ప్లే-ఆఫ్ ఫైనల్‌ను ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఫుట్‌బాల్ మ్యాచ్ అంటారు. గెలిచిన క్లబ్‌కు వచ్చే కొన్నేళ్లలో 20 కోట్ల పౌండ్లకు అటూఇటుగా అదనపు ఆదాయం వస్తుందని అంచనా. మన లెక్కలో సుమారు 2,300 కోట్ల రూపాయలు. బ్రామల్ లేన్‌లో రాని ఆ ఒక్క గోల్ వెనక ఇంత డబ్బు గెలుచుకునే అవకాశం ఉందన్నమాట.

పారాచూట్ డబ్బు.. సమానం కాని పోటీ

ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన క్లబ్‌లకు ఒక్కసారిగా ఆదాయం పడిపోకుండా గరిష్ఠంగా మూడేళ్లు కొంత సొమ్ము ఇస్తారు. దీన్నే పారాచూట్ డబ్బు అంటారు. మొదటి ఏడాదే 4 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. అది లేని మామూలు ఛాంపియన్‌షిప్ క్లబ్‌కు ప్రీమియర్ లీగ్ నుంచి వచ్చే వాటా 50 లక్షల పౌండ్ల చుట్టూ ఉంటుంది. తేడా మీకే అర్థమవుతుంది.

ఈ సీజన్ పట్టిక చూడండి. లీడ్స్, బర్న్‌లీ రెండూ 100 పాయింట్లు సాధించాయి. బర్న్‌లీ 46 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 16 మాత్రమే! మూడో స్థానం షెఫీల్డ్ యునైటెడ్‌ది, 90 పాయింట్లు. ఈ మూడూ పారాచూట్ డబ్బు ఉన్న క్లబ్‌లే.

బ్లాక్‌బర్న్‌కు ఆ సొమ్ము ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆ క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి దిగింది 2012లో. అంటే ఈ పోటీలో వాళ్లు మొదటి నుంచే వెనక గీత మీద నిలబడి పరుగు మొదలుపెట్టారు.

అయితే డబ్బొక్కటే అన్నీ తేల్చేస్తుందా? కాదు. పారాచూట్ డబ్బు చేతిలో ఉన్న లూటన్ ఈసారి ఏకంగా మూడో డివిజన్‌కు జారిపోయింది. ఆ డబ్బు లేని సండర్‌ల్యాండ్ కుర్రాళ్ల జట్టుతో పైకి వెళ్లింది. ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. క్లబ్‌ను ఎవరు, ఎలా నడుపుతున్నారు అన్నది కూడా డబ్బంత ముఖ్యమే. బ్లాక్‌బర్న్ కథ మలుపు తిరిగింది సరిగ్గా అక్కడే.

ఫిబ్రవరిలో దెబ్బ.. 5వ స్థానంలో ఉండగా మేనేజర్ ఔట్

సీజన్ మొదలైన తీరు చూస్తే ఎవరూ ఇలా ముగుస్తుందని అనుకోరు. అంతకుముందు ఏడాది లీగ్‌లో 27 గోల్స్ కొట్టి డివిజన్ టాప్ స్కోరర్‌గా నిలిచిన సామీ స్మోడిక్స్‌ను ఆగస్టులో ఇప్స్‌విచ్‌కు అమ్మేశారు. దానికి ముందు ఫిబ్రవరిలోనే, అకాడమీలో పెరిగిన మిడ్‌ఫీల్డర్ ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు ఇచ్చేశారు. ఆ కుర్రాడు కొన్ని నెలల్లోనే ఇంగ్లాండ్ జాతీయ జట్టులో చేరాడు!

జట్టులో మంచి ఆటగాళ్లు పోయారు. అయినా మేనేజర్ జాన్ యూస్టస్ ఉన్నవాళ్లతోనే గట్టి జట్టు తయారుచేశారు. ఆగస్టు 9న తొలి మ్యాచ్‌లో డర్బీ కౌంటీపై 4-2 గెలుపు. నవంబరు ఆఖర్లో లీడ్స్‌పై 1-0 గెలుపు. సీజన్ మొత్తంలో లీడ్స్ ఓడింది నాలుగే మ్యాచ్‌లు. అందులో ఒకటి బ్లాక్‌బర్న్ సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో.

ఫిబ్రవరి నాటికి జట్టు 5వ స్థానంలో ఉంది. అప్పుడే పిడుగులాంటి వార్త. యూస్టస్ క్లబ్ వదిలి డర్బీ కౌంటీకి వెళ్లిపోయారు. డర్బీ అప్పుడు ఎక్కడ ఉందో తెలుసా? మూడో డివిజన్‌కు జారిపోయే ప్రమాదంలో, పట్టిక అడుగున!

ప్రీమియర్ లీగ్ ఆశలున్న జట్టును వదిలి, మునిగిపోయేలా ఉన్న జట్టుకు ఒక మేనేజర్ ఎందుకు వెళ్తాడు? యూస్టస్ గతంలో డర్బీకి ఆటగాడిగా ఆడారు, ఆ అనుబంధం ఉంది. కానీ అదొక్కటే కారణమంటే బ్లాక్‌బర్న్ అభిమానులు ఒప్పుకోరు. జనవరిలో జట్టును బలపరచడానికి తగినంత సాయం అందలేదన్నది వాళ్ల వాదన. ముందు చూపు కనిపించని చోట ఎవరు మాత్రం ఎన్నాళ్లుంటారని అడుగుతున్నారు.

తర్వాత జరిగింది చూస్తే సినిమా స్క్రీన్‌ప్లే అనిపిస్తుంది. కొత్త మేనేజర్‌గా ఫిబ్రవరి ఆఖర్లో వాలెరియన్ ఇస్మాయెల్ వచ్చారు. మార్చి 8న బ్లాక్‌బర్న్ వెళ్లింది డర్బీ మైదానానికే. పాత మేనేజర్ జట్టు చేతిలో 2-1 ఓటమి. డర్బీ అక్కడి నుంచి వరుసగా గెలుస్తూ చివరికి 50 పాయింట్లతో డివిజన్ నిలబెట్టుకుంది. కిందికి జారిన లూటన్‌కు 49 పాయింట్లు.

ఇస్మాయెల్ జట్టు మొదట్లో తడబడింది. ఏప్రిల్‌లో పుంజుకుని మళ్లీ రేసులోకి వచ్చింది. కానీ మధ్యలో పోయిన పాయింట్లు పోయినట్టే. చివరికి తక్కువైంది రెండంటే రెండు. డర్బీలో గెలిచి ఉంటే చాలేదేమో అన్న మాట ఈవుడ్ పార్క్ చుట్టుపక్కల ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

పుణె నుంచి పౌండ్లు.. మధ్యలో కోర్టు

ఇక అసలు విషయానికి వద్దాం. వెంకీస్ 2010 నవంబరులో ఈ క్లబ్‌ను సుమారు 2.3 కోట్ల పౌండ్లకు కొనుగోలు చేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా యజమానులు పెట్టిన సొమ్ము 20 కోట్ల పౌండ్లు దాటిందని అక్కడి మీడియా లెక్క. అంటే "యజమానులు పైసా పెట్టలేదు" అనే మాట నిజం కాదు. పెట్టారు, చాలా పెట్టారు.

మరి సమస్య ఎక్కడ? డబ్బు వెళ్లే దారిలో. వెంకీస్ విదేశాలకు పంపిన సొమ్ముపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దర్యాప్తు చేపట్టింది. ఆ వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. దీంతో 2023 నుంచి క్లబ్‌కు డబ్బు పంపాలంటే కోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. పైగా పంపే మొత్తానికి సమానమైన బ్యాంకు గ్యారంటీ కూడా చూపించాల్సి వచ్చింది.

సింపుల్‌గా చెప్పాలంటే, లాంకషైర్‌లో వంద రూపాయలు ఖర్చు పెట్టాలంటే ఇక్కడ ఇంకో వంద రూపాయలకు హామీ కట్టిపెట్టాల్సి వచ్చేది. ఖర్చు రెట్టింపు అయినట్టే. కోర్టు వాయిదా ఎప్పుడో, అనుమతి ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఆటగాళ్ల కొనుగోళ్లకు మాత్రం ఏడాదిలో రెండే గడువులు, వేసవిలో ఒకటి, జనవరిలో ఒకటి. ఆ తేదీ దాటితే అంతే. ఇలాంటి పరిస్థితిలో ఏ మేనేజరైనా ప్లాన్ వేసుకోవడం కష్టం.

దర్యాప్తు అంటే తప్పు తేలినట్టు కాదు. కానీ దాని ప్రభావం మాత్రం ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒక ఊరి జట్టు మీద పడింది.

డబ్బుతో సంబంధం లేని తప్పులూ ఉన్నాయి

అన్నీ కోర్టు ఖాతాలో వేయలేం. 2023 జనవరి గడువు చివరి రోజున మిడ్‌ఫీల్డర్ లూయిస్ ఓబ్రయన్‌ను లోన్‌పై తెచ్చుకోవడానికి ఒప్పందం కుదిరింది. కానీ కాగితాలు టైముకు అందలేదు. లీగ్ ఒప్పుకోలేదు. ఆ సీజన్లోనే జట్టు గోల్స్ తేడాతో ప్లే-ఆఫ్ పోగొట్టుకుంది.

పాఠం నేర్చుకున్నారా? సరిగ్గా ఏడాది తర్వాత, 2024 గడువు రోజున అమెరికా స్ట్రైకర్ డంకన్ మెక్‌గ్వైర్ విషయంలోనూ మళ్లీ కాగితాల పొరపాటే. ఆ డీల్ కూడా పోయింది. కొన్ని రోజులకే మేనేజర్ యాన్ డాల్ టోమాసన్ కూడా క్లబ్ వదిలి వెళ్లారు. ఆ సీజన్లో జట్టు ఆఖరి రోజున లెస్టర్‌పై 2-0తో గెలిచి డివిజన్ కాపాడుకుంది. 19వ స్థానం.

కాగితాలు టైముకు పంపడానికి కోట్లు అక్కర్లేదు. అక్కడ కూర్చుని నిర్ణయం తీసుకుని, బాధ్యత వహించే మనుషులు కావాలి. 15 ఏళ్లుగా అభిమానులు ఎత్తిచూపుతున్న లోటు ఇదే. యజమానులు మ్యాచ్‌లకు రారు, మాట్లాడరు, క్లబ్ ఎటు వెళ్తోందో చెప్పరు అని.

2010 నుంచి.. ఒక్క చూపులో

- 2010 డిసెంబరు: కొన్న కొన్ని వారాలకే అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌పై వేటు. స్థానంలో స్టీవ్ కీన్.
- 2012 మే: విగాన్ చేతిలో 1-0 ఓటమితో ప్రీమియర్ లీగ్ నుంచి నిష్క్రమణ. నిరసనగా ఆ మ్యాచ్‌లో అభిమానులు మైదానంలోకి కోడిని వదిలారు!
- 2012-13: మేనేజర్ల కుర్చీలాట. హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైఖేల్ ఆపిల్టన్ 67 రోజులు.
- 2017: మూడో డివిజన్‌కు పతనం.
- 2018: టోనీ మోబ్రే నాయకత్వంలో ఒక్క ఏడాదిలోనే మళ్లీ రెండో డివిజన్‌కు.
- 2018 నుంచి 2025 దాకా స్థానాలు: 15, 11, 15, 8, 7, 19, 7.

ఈ చివరి వరుస ఒకసారి చూడండి. మెల్లగా మెరుగవుతూ వచ్చిన జట్టు ఒక్కసారిగా పడి, మళ్లీ లేచింది. మైదానంలో పనిచేసేవాళ్లు ప్రతిసారీ కట్టుకుంటూ వస్తున్నారు. ఆఫీసులో ఏదో ఒకటి జరిగి మళ్లీ మొదటికి వస్తోంది.

మహిళల జట్టుకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ

పురుషుల జట్టు ఒక మెట్టు ఎక్కలేకపోయింది. మహిళల జట్టు అయితే మెట్లు దిగాల్సి వచ్చింది, అదీ మైదానంలో ఓడిపోయి కాదు. రెండో డివిజన్లో ఆడటానికి కొత్తగా పెట్టిన లైసెన్సు నిబంధనలకు సరిపడా ఖర్చు పెట్టేందుకు క్లబ్ సిద్ధపడలేదు. దీంతో 2025 మేలో జట్టును ఆ డివిజన్ నుంచి వెనక్కి తీసుకుంది.

జార్జియా స్టాన్‌వే, కీరా వాల్ష్, ఎల్లా టూన్.. 2022లో యూరో కప్ గెలిచిన ఇంగ్లాండ్ జట్టులోని ఈ ముగ్గురూ ఒకప్పుడు బ్లాక్‌బర్న్ మహిళల జట్టుకు ఆడినవాళ్లే. అలాంటి జట్టు భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. ప్రీమియర్ లీగ్‌కు వెళ్లడానికి కావాల్సిన కోట్లతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు చాలా చిన్నది. అందుకే పురుషుల జట్టు ఏడో స్థానం కన్నా ఈ నిర్ణయమే చాలామందికి ఎక్కువ కోపం తెప్పించింది.

యజమానుల వైపు నుంచి చూస్తే..

ఇంకో వైపు కూడా చూడాలి. ఛాంపియన్‌షిప్‌లో దాదాపు ప్రతి క్లబ్బూ నష్టాల్లోనే ఉంటుంది. చాలా క్లబ్‌లలో ఆటగాళ్ల జీతాలే ఆదాయాన్ని మించిపోతాయి. ఏటా ఎవరో ఒకరు జేబులోంచి పెడితేనే క్లబ్ నడుస్తుంది. వెంకీస్ కుటుంబం 15 ఏళ్లుగా ఆ పని చేస్తోంది. పెట్టిన సొమ్ము తిరిగి వచ్చే దారి కూడా కనిపించడం లేదు.

బ్లాక్‌బర్న్‌కు దగ్గర్లోని బరీ అనే క్లబ్ డబ్బుల్లేక 2019లో లీగ్ నుంచే బహిష్కరణకు గురైంది. 134 ఏళ్ల చరిత్ర ఉన్న క్లబ్ అది. "యజమాని వెళ్లిపోవాలి" అని నినాదాలు చేసే ప్రతి అభిమానికీ ఈ భయం లోపల ఉంటుంది. వీళ్లు వెళ్తే వచ్చేవాళ్లు ఎవరు? కొనేవాళ్లు ఉన్నారా? ఏటా ఇంత నష్టం ఎవరు భరిస్తారు?

అందుకే ఇది హీరో, విలన్ కథ కాదు. డబ్బు పెట్టిన కుటుంబం, ప్రాణం పెట్టిన ఊరు. ఈ రెండిటి మధ్య మాటలే లేకపోవడం అసలు సమస్య.

ఆ ఊరికి ఈ క్లబ్ అంటే ఎందుకంత ప్రాణం?

బ్లాక్‌బర్న్ ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. మిల్లులు మూతపడ్డాయి, క్లబ్ మిగిలింది. 1875లో పుట్టిన ఈ క్లబ్‌కు 2025తో 150 ఏళ్లు. 1888లో ప్రపంచంలోనే తొలి ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్‌లలో ఇదొకటి.

1995 మే 14న బ్లాక్‌బర్న్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు, కెన్నీ డల్గ్లిష్ మేనేజ్‌మెంట్, అలన్ షియరర్ కొట్టిన 34 గోల్స్.. మాంచెస్టర్ యునైటెడ్‌నే వెనక్కి నెట్టేశారు. 2025 మేకు ఆ గెలుపుకు సరిగ్గా 30 ఏళ్లు. అప్పుడూ క్లబ్ నడిచింది ఒక సంపన్నుడి సొంత డబ్బుతోనే. అయితే వాకర్ ఆ ఊళ్లోనే పుట్టిపెరిగారు, క్లబ్ సంగతులు ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఇంకో విషయం. ఈ ఊళ్లో, చుట్టుపక్కల మూడో వంతుకు పైగా జనాభా భారత్, పాకిస్థాన్ మూలాలున్నవాళ్లే. భారతీయ కుటుంబం క్లబ్ కొన్నప్పుడు ఆ వీధుల్లోని కుర్రాళ్లంతా స్టేడియానికి వస్తారని చాలామంది ఆశపడ్డారు. ఒక మంచి బంధం మొదలవడానికి అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? అది కూడా చేజారిందనే చెప్పాలి.

ఇప్పుడేం జరగొచ్చు?

ముందుగా, బ్రిటన్ పార్లమెంటులో ఫుట్‌బాల్ పాలనపై నడిచిన బిల్లు 2025లో చట్టమైంది. క్లబ్‌ల ఆర్థిక పరిస్థితిని, యజమానుల అర్హతను పరిశీలించేందుకు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పాటు చేయాలన్నది దాని సారాంశం. అభిమానులతో సంప్రదింపులు కూడా క్లబ్‌ల బాధ్యత అవుతాయి. ఈ చట్టంతో "మేం మాట్లాడం" అనే పద్ధతి ఏ యజమానికీ కుదరదు.

రెండోది ఢిల్లీ. 2025 మే నాటికి చూస్తే, కోర్టు వ్యవహారం ఎంత త్వరగా తేలితే క్లబ్‌కు అంత ఊరట.

మూడోది, 2025 వేసవి. జట్టులో ఉన్న మంచి ఆటగాళ్లను నిలబెట్టుకుంటారా, లేక వార్టన్, స్మోడిక్స్‌ల్లాగే వాళ్లనీ అమ్మేస్తారా? ఆ ఏడాది మేలో అందరి ప్రశ్న ఇదే.

బ్లాక్‌బర్న్ అభిమానులు అడుగుతున్నది వందల కోట్లు కాదు. కాగితాలు టైముకు వెళ్లాలి. మేనేజర్‌కు ఇచ్చిన మాట నిలబడాలి. ఏడాదికి ఒక్కసారైనా యజమానులు వచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఈ సీజన్లో తక్కువైన రెండు పాయింట్లు ఈ మూడిటితోనే వచ్చేవని వాళ్ల నమ్మకం. పట్టిక చూస్తే ఆ మాట కాదనడం కష్టం.